లిస్టు సరే, క్లాసులో ఏ పేజీ తెరుస్తున్నాం?

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చదవండి, కానీ చివరిదాకా చదవండి. టీచరు ఉద్యోగంలో ఉన్నవాళ్ళు, బీఈడీ చేస్తున్నవాళ్ళు, డీఎస్సీకి కూర్చున్నవాళ్ళు మరీ ముఖ్యంగా చదవాలి.

మేం కోనసీమలో చదువుకుంటున్న గిరిజన విద్యార్థులం. మాలో రాజోలు, కొత్తపేట వైపు ఊళ్ళలో పుట్టి పెరిగిన ఎరుకుల, యానాది ఇళ్ళ పిల్లలున్నారు. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు నుంచి అమలాపురం వచ్చి చదువుకుంటున్న కొండరెడ్డి, కోయ పిల్లలున్నారు. "కోనసీమలో గిరిజనులు ఎక్కడున్నారండీ?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొబ్బరితోటలు, కాలవలు చూసి వెళ్ళిపోయేవాళ్ళకి ఊరి చివర తట్టలల్లే ఇల్లు కనపడదు. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇప్పుడు చెప్పొచ్చేదేంటంటే, ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక లిస్టు తెగ తిరుగుతోంది. సోషల్ టీచర్లకి పనికొచ్చే వెబ్‌సైట్లు, మూలాధారాలు దొరికే చోట్లు అని. మూలాధారం అంటే తెలుసు కదా, జరిగిన కాలంలోనే పుట్టిన కాగితం, ఫొటో, ఉత్తరం, రికార్డు. ఎవరో తర్వాత రాసిన పాఠం కాదు. లెసన్ ప్లాన్‌లో ఒక మూలాధారం పెట్టాలని బీఈడీలో గట్టిగానే చెబుతున్నారు. మంచిదే. స్కూళ్ళలో పెద్ద ప్యానెళ్ళు వచ్చాయి, ట్యాబులు వచ్చాయి, ఏదో ఒకటి చూపించాలి. అప్పుడు ఈ లిస్టు తెరుస్తారు.

తెరిచి చూస్తే అందులో సగం అమెరికావే. వాళ్ళ నేషనల్ ఆర్కైవ్స్, వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. అవి గొప్ప సైట్లు, కాదనం. ఒక కాగితం ఇచ్చి, దీన్ని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరికోసం రాశారు, ఇందులో చెప్పకుండా వదిలేసింది ఏంటి అని పిల్లల్ని అడిగే పద్ధతి వాళ్ళు బాగా కుదిర్చారు. ఆ నాలుగు ప్రశ్నలు తెచ్చుకుందాం. లింకన్ ఉత్తరాన్ని మాత్రం రాజోలు పిల్లాడికి చూపించి మూలాధారం బోధించాం అని రాసుకోవడం దేనికి? గోదావరి జిల్లా కాగితాలు ఆన్‌లైన్‌లో లేవా? ఉన్నాయి. కావలసినన్ని ఉన్నాయి. వాటిల్లో మనవాళ్ళ పేర్లూ ఉన్నాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఈ పోస్టు ఆ చిక్కు గురించే.

ముందు ఏమున్నాయో చెబుతాం. ఎఫ్.ఆర్. హెమింగ్వే అనే ఐసీఎస్ అధికారి రాసిన గోదావరి జిల్లా గెజిటీర్ 1907లో మద్రాసులో అచ్చయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఫ్రీగా దొరుకుతుంది. అప్పటికి తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని విడిపోలేదు, అది 1925లో జరిగింది. అందుకే ఆ ఒక్క పుస్తకంలో డెల్టా, మన్యం రెండూ ఉంటాయి. భద్రాచలం నుంచి అమలాపురం దాకా తాలూకాల వారీగా రాశాడు. కోయల గురించి, కొండరెడ్ల గురించి విడిగా భాగాలున్నాయి.

కానీ వెతకడం తెలియాలి. రాజోలు తాలూకా అని వెతికితే దొరకదు. ఆ రోజుల్లో దాన్ని నగరం తాలూకా అనేవారు. అడ్డతీగల వైపు కావాలంటే ఎల్లవరం అని చూడాలి. రంపచోడవరానికి ఉట్టి చోడవరం అని ఉంటుంది. కాకినాడ కొకనాడ అయిపోతుంది. ఇంకా పాత కాగితాల్లో రంపని ఇంగ్లీషులో ఆర్ తర్వాత యూ పెట్టి రాశారు, కోయని కోయి అన్నారు. ఈ స్పెల్లింగులు తెలియక చాలామంది రెండు నిమిషాలు వెతికి "ఏం లేవు" అని మూసేస్తున్నారు. ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. తిరుగుబాటుని అప్పటి ఆఫీసర్లు రికార్డుల్లో పితూరీ అని రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఫితూరి అని కొడితే దొరుకుతాయి. ఇవాళ మన తెలుగులో పితూరీ అంటే ఏంటి? టీచరుకి వెళ్ళి చాడీ చెప్పడం. కొండల్లో నెలల తరబడి జరిగిన పోరాటానికీ, క్లాసులో చాడీలకీ ఒకటే మాట. దీని మీదే ఒక పీరియడ్ పాఠం చెప్పొచ్చు, ఏ వెబ్‌సైటూ అక్కర్లేకుండా.

1879 రంప తిరుగుబాటు గురించి ఆ గెజిటీర్లో చదవండి. తెల్లదొరల తరఫున రాసిందే, అయినా కారణాలు దాచలేదు. రంప మన్సబుదారు పెట్టిన బాధలు, కల్లు మీద కొత్త పన్ను, పోలీసుల జులుం. వాటితో పాటు ఇంకొకటి ఉంది, మన టెక్స్ట్‌బుక్కుల్లో అది పెద్దగా కనపడదు. పల్లపు ప్రాంతం నుంచి వెళ్ళిన వ్యాపారులు కొండవాళ్ళతో అన్యాయమైన ఒప్పందాలు రాయించుకుని, కోర్టులో దావాలు వేసి, వాళ్ళు రాకుండానే డిక్రీలు తెచ్చుకుని, పశువులు, ఆస్తులు జప్తు చేయించారు. పల్లపు ప్రాంతం అంటే ఏది? ఈ వైపే. ఈ పేజీ అమలాపురంలో ఒక క్లాసులో చదివించి చూడండి. చరిత్ర అంటే ఇంగ్లీషువాడు ఒక పక్క, మనం అందరం ఒక పక్క అనుకునే పిల్లలకి మూడో పక్క కూడా ఉందని తెలుస్తుంది. కోనసీమలో ఎటు వెళ్ళినా కాటన్ దొర విగ్రహం ఉంటుంది. 1852లో ఆనకట్ట పూర్తయి డెల్టా పచ్చబడింది, ఆ కృతజ్ఞత ఉండాల్సిందే. అదే నది పైన ముప్పయ్యేళ్ళు తిరక్కుండా ఏం జరిగిందో కూడా ఇక్కడి పిల్లలకి తెలియాలి అంటున్నాం, అంతే.

1922–24 గురించైతే సమాచారం ఇంకా ఎక్కువ. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే పాత ప్రభుత్వ ఫైళ్ళు వెతుక్కోవచ్చు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి జరిగింది. ఆ మూడు తేదీలు, ఒక మ్యాపు ఇచ్చి పిల్లల్ని దారి గీయమంటే చాలు. ఆ రోజుల్లోనే ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక ఏం రాశాయో పక్కన పెట్టాలి. పి. సాయినాథ్ నడిపే పారీలో ఆయన రాజవొమ్మంగి వైపు వెళ్ళి రాసిన కథనం ఉంది, అదీ చదివించొచ్చు. గాం మల్లుదొర పేరు అల్లూరి అనుచరుడు అని ఒక్క వాక్యంలో వస్తుంది పాఠంలో. ఆయనే 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి గెలిచి వెళ్ళారు. ఎంతమంది సోషల్ టీచర్లకి తెలుసు? మొదటి లోక్‌సభ రికార్డులు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. ఇవన్నీ వదిలేసి యూట్యూబ్‌లో అల్లూరి అని కొడితే ఆర్ఆర్ఆర్ పాటలొస్తాయి. పిల్లలకి పాట బానే ఉంటుంది గానీ అది పాఠం కాదు కదా.

ఇక చిక్కు దగ్గరికి వస్తాం.

ఎడ్గార్ థర్‌స్టన్ పేరు ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. కె. రంగాచారి సాయం చేశారు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఏడూ ఉన్నాయి, ఫోన్లో కూడా చక్కగా తెరుచుకుంటాయి, పదం కొడితే పదం దొరుకుతుంది. అందుకే టీచర్లకి ముందు దొరికేది అదే. ఎరుకుల గురించి కావాలంటే కొరవ అనే పేరు కింద మూడో సంపుటంలో ఉంటుంది. యానాదులు ఏడో సంపుటంలో, కోయలు నాలుగో సంపుటంలో.

పోయిన ఏడాది ఒక హైస్కూల్లో మాలో ఒకరు అబ్జర్వేషన్‌కి వెనక బెంచీలో కూర్చున్నారు. ఊరు పేరు, స్కూలు పేరు చెప్పం. టీచరు మంచాయనే, పిల్లలకి కొత్తగా ఏదైనా చూపించాలనే తాపత్రయం ఉన్న మనిషి. గిరిజన తెగలు అని చెబుతూ ప్యానెల్ మీద ఆ పుస్తకం పేజీ ఒకటి పెట్టారు. పిల్లలకి ఇంగ్లీషు అర్థం కాదని ఆటోమేటిక్ అనువాదం నొక్కారు. పెద్ద తెరమీద తెలుగులో వచ్చింది, ఎరుకులవాళ్ళు దొంగతనం వృత్తిగా గలవాళ్ళు అని. ఎవరు రాశారో లేదు, ఎప్పుడు రాశారో లేదు. క్లాసంతా ఒక పిల్ల వైపు తిరిగింది. ఒకడు "మీ తాత కూడానా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల తర్వాత రెండు రోజులు బడికి రాలేదు.

ఈ సంగతి మేం మా రూములో మాట్లాడుకున్నప్పుడు గట్టి వాదనే అయింది. కొందరు సీనియర్లు ఏమన్నారంటే, ఆ పుస్తకాల్ని క్లాసులోకే రానివ్వకూడదు, తెల్లవాడు మనల్ని తిట్టిన తిట్లు మన పిల్లల ముందు మనమే ఎందుకు చదివించాలి అని. వాళ్ళ కోపం న్యాయమైనది. మేం మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎందుకంటే దాస్తే దాగే రోజులు పోయాయి. ఏ పిల్లాడైనా స్టూవర్ట్‌పురం అని ఫోన్లో కొడితే ముందు వచ్చేవి గజదొంగల వీడియోలు, 2023లో వచ్చిన టైగర్ నాగేశ్వరరావు సినిమా. ఆ ఊరికి ఆ పేరు ఎందుకొచ్చిందో, అక్కడికి మనవాళ్ళని ఎవరు, ఏ చట్టం కింద తీసుకొచ్చి పెట్టారో చెప్పేది ఎక్కడో కింద ఉంటుంది. క్లాసులో చెప్పకపోతే ఆ పిల్లాడికి మిగిలేది ఆ వీడియోలే. పైగా, ఆ మాటకి జవాబు ఆ కాగితాల్లోనే ఉంది. కాగితం మూసేస్తే జవాబూ మూసుకుపోతుంది.

ఎలాగో చూడండి. థర్‌స్టన్ ఆ భాగం రాయడానికి ఎవర్ని నమ్ముకున్నాడు? పోలీసు ఆఫీసర్లని. ఫాసెట్ అనే పోలీసు అధికారి, రైల్వే పోలీసులో పనిచేసిన పాపారావు నాయుడు, ఇలాంటివాళ్ళ రాతలు తీసుకున్నాడు. ఆ పేర్లు ఆ పేజీల్లోనే ఉన్నాయి. పోలీసుని అడిగితే పోలీసు స్టేషన్‌కి వచ్చినవాళ్ళ గురించే చెబుతాడు. తట్టలల్లుకుని, పందులు మేపుకుని, ఎరుక చెప్పుకుని బతికే వెయ్యి ఇళ్ళ సంగతి ఆయన డైరీలో ఎందుకుంటుంది? ఎవరు రాశారు అన్న మొదటి ప్రశ్న వేస్తే ఎనిమిదో క్లాసు పిల్లాడికైనా ఇది తెలుస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. అదే పుస్తకం, అదే భాగం, ఎరుకుల్లో శాఖలు చెబుతుంది. ఉప్పు, కరివేపాకు, దబ్బ అని. ఉప్పు మోసి అమ్మేవాళ్ళు, కరివేపాకు అమ్మేవాళ్ళు, వెదురు దబ్బలతో అల్లేవాళ్ళు. అన్నీ కష్టం చేసుకునే పనులే. పైన దొంగలు అని రాసినవాడే కింద మన పనుల జాబితా ఇచ్చాడు. ఆ ఉప్పు పని ఏమైంది అని అడగాలి. సముద్రం పక్క ఉప్పు ఎడ్ల మీద, గాడిదల మీద లోపలి ఊళ్ళకి మోసుకెళ్ళి, అక్కణ్ణించి ధాన్యం తెచ్చే బతుకు వాళ్ళది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. రైలు వచ్చింది, సరుకు రైలెక్కింది. 1876–78 కరువు వచ్చింది. అడవి చట్టాలొచ్చి వెదురు, మేత అందకుండా పోయాయి. తిరిగే పని పోయినా తిరుగుతూ ఉన్న మనిషి సర్కారు కంటికి అనుమానితుడయ్యాడు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఈ ఎరుకుల, కొరవల మీదే 2001లో పూర్తి పుస్తకం రాశారు. టీచర్లు అది చదివి క్లాసుకి వెళ్తే బాగుంటుంది.

మూడోది చట్టం. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఉత్తరాదిన మొదలైంది. 1911లో మార్చిన చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. గవర్నమెంటు ఒక తెగ పేరు ప్రకటిస్తే చాలు, అందులో మనిషి ఏ తప్పూ చేయక్కర్లేదు. పేరు రిజిస్టర్లో ఎక్కించొచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, ఊరు దాటకుండా కట్టడి చేయొచ్చు. అలా పెట్టిన సెటిల్‌మెంట్లలో ఒకటి బాపట్ల దగ్గర స్టూవర్ట్‌పురం. 1913 ప్రాంతంలో మొదలైంది, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు, మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దేశానికి ఆగస్టు 15 ఉంటే, మనలో కొందరికి ఇంకో ఐదేళ్ళ తర్వాత ఆగస్టు 31 వచ్చింది. చట్టం పాఠం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతా అక్కర్లేదు, ఒక తెగని ప్రకటించే సెక్షను ఒక్కటి చాలు.

ఇప్పుడు ఆ అనువాదం సంగతికి రండి. ఇంగ్లీషులో క్రిమినల్ ట్రైబ్ అని ఉంటే మిషను దాన్ని నేరస్థ తెగ అంటుంది, గైడు బుక్కుల్లో దొంగజాతి అని ఉంటుంది. రెండూ తప్పే. నేరస్థ జాతిగా సర్కారు ప్రకటించిన జాతి అనాలి. నిడివి ఎక్కువే, కానీ ఆ ప్రకటించిన అనే మాట ఉంటే నేరం ఎవరి చేతిలో పుట్టిందో తెలుస్తుంది. అది లేకపోతే నేరం రక్తంలో ఉన్నట్టు అవుతుంది. ఒక్క మాటతో ఒక పిల్ల రెండు రోజులు బడి మానేసింది. అందుకే మేం అనేది, మిషను అనువాదం తెర మీద నేరుగా పెట్టకండి. టీచరు ముందురోజు చదివి, తన తెలుగులో రాసుకుని, అది పెట్టాలి. పావుగంట పని.

మాలో ఇద్దరు టీచింగ్ ప్రాక్టీసులో ఇదే పాఠం తొమ్మిదో క్లాసుకి చెప్పారు. థర్‌స్టన్ పేజీలో శాఖల పేర్లున్న నాలుగు లైన్లు, చట్టంలో ఒక సెక్షను, 1952 రద్దు, ఈ మూడూ ఒకే జిరాక్సు కాగితం మీద. ఎరుకుల పిల్లలెవరో క్లాసులో అడగలేదు, ఎవర్నీ లేపి చదివించలేదు. ఒక పిల్ల అడిగిన ప్రశ్న చెబుతాం. "అప్పుడే పుట్టిన పాప కూడా ఆ తెగే కదండీ, మరి ఆ పాప ఏం దొంగతనం చేసిందండీ?" కొబ్బరి దింపు పని చేసే ఇంటి పిల్ల అది, మనవాళ్ళ పిల్ల కాదు. ఇంకొకడు, "ఉప్పు అమ్ముకునేవాళ్ళకి ఉప్పు ఆపింది సర్కారే, దొంగ అన్నదీ సర్కారే" అన్నాడు. దీనికంటే మంచి జవాబు మేం బీఈడీ పరీక్షలో కూడా రాయలేం.

ఇలా చెప్పడానికి కొన్ని పట్టింపులు ఉండాలి, వాటి దగ్గర మేం రాజీ పడం. ఆరు, ఏడు క్లాసులకి ఈ పేజీలు వద్దు. వాళ్ళకి ఫొటోలు, మ్యాపులు, తేదీలు చాలు. తిట్టు ఉన్న కాగితం ఎప్పుడూ ఒంటరిగా తెర మీదకి రాకూడదు, పక్కన దాన్ని ప్రశ్నించే ఇంకో కాగితం ఉండాలి. ఆ తెగ పిల్లల్ని సాక్షులుగా నిలబెట్టకూడదు, మీ ఇంట్లో ఎలా చేస్తారు చెప్పమ్మా అని అసలు అడగకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రమ్మనే పని ఇస్తే క్లాసులో అందరికీ ఇవ్వాలి. మీ తాతల కాలంలో ఏ సరుకు ఎక్కణ్ణించి వచ్చేది, ఎవరు మోసుకొచ్చేవారు అని. అప్పుడు రైతు ఇంటి పిల్లాడూ వెళ్ళి వాళ్ళ మామ్మని అడుగుతాడు. ఆవిడ, మన వీధికి కరివేపాకు తెచ్చే ఎరుకలమ్మ ఉండేది అంటుంది. అది కూడా మూలాధారమే. దాన్ని రాసి, తేదీ వేసి, చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే పేరు పెట్టి, స్కూల్లో ఒక ఫైలులో ఉంచాలి. ఆన్‌లైన్‌లో లేనిదల్లా ఇదే.

కొండరెడ్డి, కోయ పిల్లలకి ఒక మంచి కబురు. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పాపికొండల్లో తిరిగి, 1945లో కొండరెడ్ల మీద పుస్తకం వేశాడు. పాపికొండల్నే ఆయన బైసన్ హిల్స్ అన్నాడు. ఆయన తీసిన ఫొటోలు లండన్ సోయాస్ డిజిటల్ కలెక్షన్స్‌లో ఉన్నాయి. ఇళ్ళు, పోడు, నది ఒడ్డు, మనుషులు. మారేడుమిల్లి వైపు తమ్ముడొకడు ఫోన్లో ఇవి చూసి, ఒక్కో ఫొటో పెద్దది చేసుకుంటూ రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాడు. పోలవరం కింద ఖాళీ అయిన ఊళ్ళ పిల్లలు ఇప్పుడు కాలనీల్లో పెరుగుతున్నారు. వాళ్ళకి ఆ నది ఒడ్డు ఇంక ఫొటోల్లోనే చూపించగలం. హైమన్‌డార్ఫ్ కూడా బయటివాడే, నిజాం సర్కారుకి పనిచేసినవాడే. ఆ నాలుగు ప్రశ్నలు ఆయన్నీ అడగాలి. ఫొటో అయినా ఎవరో ఎక్కడో నిలబడి తీసిందే.

మనవాళ్ళు తమ నోటితో మాట్లాడిన కాగితాలు తక్కువ, అందుకే దొరికినవి వదలకూడదు. రాజ్యాంగ సభ చర్చలు మొత్తం ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 1946 డిసెంబరు 19న జైపాల్ సింగ్ ముండా మాట్లాడిన ప్రసంగం తీయండి. 1928 ఒలింపిక్స్‌లో హాకీ టీము కెప్టెన్ ఆయన. మమ్మల్ని జంగ్లీ అంటారు, ఆ పేరు చెప్పుకోవడం నాకు గర్వం అని సభలో నిలబడి చెప్పాడు. ప్రజాస్వామ్యం ఆదివాసులకి మీరు నేర్పేది కాదు, వాళ్ళ దగ్గర మీరు నేర్చుకోవాల్సింది అన్నాడు. రెండు పేజీలు కూడా ఉండదు క్లాసుకి కావలసింది. థర్‌స్టన్ పక్కన పెట్టడానికి ఇంతకంటే మంచి కాగితం ఉందా?

పెద్ద పిల్లలకి, మనకి కూడా, కోర్టు తీర్పులు మూలాధారాలే. 1997 సమత తీర్పు పేరు చెప్పనివాళ్ళు లేరు, తెరిచి చదివినవాళ్ళు ఎంతమంది? ఏజెన్సీ స్కూళ్ళలో టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దాని మీద ధర్నాలు చేశాం, స్టేటస్‌లు పెట్టాం. తీర్పు సుప్రీంకోర్టు సైట్లో ఉంది. మన గురించి అందులో ఏ మాటలు వాడారో సొంతంగా చదివి, థర్‌స్టన్‌ని అడిగిన ప్రశ్నలే అక్కడా అడగండి. ఎంత మారిందో, ఎంత మారలేదో మీకే తెలుస్తుంది.

నెట్టు సంగతి. మాకు తెలుసు, చింతూరు దాటాక సిగ్నల్ కోసం చెట్టు కిందకో గట్టు మీదకో వెళ్ళాలి. గెజిటీర్ మొత్తం డౌన్‌లోడ్ పెడితే సగంలో ఆగిపోతుంది. మొత్తం ఎందుకు? అమలాపురంలోనో కాకినాడలోనో ఉన్నప్పుడు కావలసిన పేజీ ఒక్కటి స్క్రీన్‌షాట్ తీసి, దాని కింద పుస్తకం పేరు, ఏడాది, పేజీ నంబరు మన తెలుగులో రాసి పెట్టుకుంటే చాలు. రెండు రూపాయల జిరాక్సు. దానికి ప్యానెల్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. దీక్షలో పాఠాలు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి. తొమ్మిదో క్లాసు ఎన్‌సీఈఆర్‌టీ పాత చరిత్ర పుస్తకంలో పశుపాలకుల పాఠంలో 1871 చట్టం ప్రస్తావన కూడా ఉంది. అవన్నీ రెడీమేడ్. వాటిని వాడుకోండి, కానీ వాటిల్లో మన గోదావరి పాలు తక్కువ.

ఇంకో పోర్టల్ వస్తుందేమో, గిరిజన చరిత్ర అంతా ఎవరో తెలుగులో పెడతారేమో అని చూస్తూ కూర్చోవడం మాకు ఇష్టం లేదు. స్కాన్లు ఎప్పుడో చేసి పెట్టారు. లేనిది వాటికి తెలుగు దారి. ఆ దారి వేయడానికి ఇంగ్లీషు కాస్త చదవగలిగి, ఇంటి మాట కూడా తెలిసిన మనుషులు కావాలి. అంటే ఈ గ్రూపులో ఉన్న మనమే. కోయ భాగంలో థర్‌స్టన్ ఒక పండగ పేరు తప్పు రాస్తే అది తప్పని బయటి టీచరు ఎలా పట్టుకుంటాడు? ఎరుకుల మాటలు తమిళానికి దగ్గర అని గ్రియర్సన్ భాషా సర్వేలో ఉంది. ఆ మాటలు ఇవాళ రాజోలులో ఎంతమంది ఇళ్ళలో మిగిలాయో చెప్పగలిగేది ఆ ఇంటి పిల్లలే.

మేం మొదలుపెట్టాం. గెజిటీర్లో చోడవరం తాలూకా పేజీలు తెలుగులో రాస్తున్నాం, ఎల్లవరం తాలూకా తర్వాత. నగరం తాలూకా పేజీలు రాజోలు అక్క ఒకరు తీసుకున్నారు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం సెక్షను, జైపాల్ సింగ్ ప్రసంగంలో ఒక పేజీ అయిపోయాయి, అడిగినవాళ్ళకి పంపుతాం, తప్పులుంటే దిద్ది పంపండి. కోయ భాగం ఎవరూ తీసుకోలేదు. కోయ ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఇద్దరు కావాలి, ఒకరు చదవడానికి, ఒకరు ఊళ్ళో పెద్దవాళ్ళకి వినిపించి ఏమంటారో రాసుకురావడానికి. యానాది భాగం కూడా ఖాళీగానే ఉంది. దసరా సెలవుల్లో ఊరు వెళ్ళేవాళ్ళు కామెంట్లో పేరు, మండలం పెట్టండి. పేజీలు ముందే పంపిస్తాం, అక్కడ నెట్టు వెతుక్కోనక్కర్లేదు.